సముద్రం దాటిన పని, మెషిన్‌కు చిక్కిన పని: ఆదాయాలు ఎటు పోతున్నాయి?

క్లుప్తంగా: గత నలభై ఏళ్లలో దేశానికీ దేశానికీ మధ్య ఆదాయాల తేడా తగ్గింది. దేశాల లోపల మాత్రం చాలాచోట్ల పెరిగింది. దీనికి ప్రపంచీకరణ కారణమా, ఆటోమేషన్ కారణమా అన్న వాదన ఎడతెగకుండా సాగుతోంది. నిజానికి రెండూ నడిచేది ఒకే దారిలో. పనిని ముక్కలుగా విడదీస్తే ఆ ముక్క ముందు చౌకగా చేసే దేశానికి పోతుంది, ఆ తర్వాత మెషిన్‌కు పోతుంది. లాభం ఎవరికి దక్కుతుందన్నది రెండు విషయాలను బట్టి ఉంటుంది: ముక్కలు కాని భాగం ఎవరి చేతిలో ఉంది, ఆ దేశం పన్నులు, కూలి రేట్లు ఎలా పెట్టుకుంది.

## లైనుకు ఇంత

2000 ప్రాంతంలో హైదరాబాద్ అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డుల పక్కనే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులు కూడా కనిపించేవి. ఏదో ఒక డిగ్రీ ఉండి, ఇంగ్లిష్ వింటే అర్థమైతే చాలనేవారు. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక వివరాలన్నీ ఫోన్‌లోనో రికార్డర్‌లోనో గడగడా చెప్పేస్తాడు. అక్కడ సాయంత్రమయ్యేసరికి ఇక్కడ తెల్లారుతుంది. ఆ ఆడియో ఫైలును ఇక్కడి ఉద్యోగులు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ టైప్ చేసేవారు. కాలి కింద చిన్న పెడల్ ఉండేది. తొక్కితే ఆడియో నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. అమెరికాలో తెల్లారేసరికి రిపోర్టు ఆస్పత్రికి చేరిపోయేది.

డబ్బులు లైన్ల లెక్కన. స్పేసులతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. అమెరికా టైపిస్టుకు ఇచ్చేదానితో పోలిస్తే ఇక్కడి లైను రేటు చాలా తక్కువ. అయినా ఇక్కడ దొరికే చాలా ఉద్యోగాలకన్నా నయం. ఆస్పత్రికి ఖర్చు తగ్గింది, ఇక్కడి కుటుంబానికి ఆదాయం పెరిగింది, అమెరికాలో ఇంట్లో కూర్చుని ఇదే పని చేసుకునేవారికి గిరాకీ తగ్గింది. ప్రపంచీకరణ గురించి వెయ్యి పేజీలు చదివినా మూల సూత్రం ఇంతే.

అయితే కథ అక్కడితో ఆగలేదు. మాటను అక్షరంగా మార్చే స్పీచ్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్ మెరుగైంది. డాక్టరు మాట్లాడితే ముందు సాఫ్ట్‌వేర్ డ్రాఫ్టు తయారు చేస్తుంది. మనిషి దాన్ని వింటూ తప్పులు దిద్దాలి. ట్రాన్స్‌క్రిప్షనిస్టు కాస్తా ఎడిటర్ అయ్యారు. ఎడిటింగ్ లైనుకు ఇచ్చే రేటు టైపింగ్ రేటుకన్నా బాగా తక్కువ. మెషిన్ సగం పని చేసింది కాబట్టి సగం కూలి చాలన్నది లెక్క. 2009లో అమెరికా ప్రభుత్వం ఎలక్ట్రానిక్ రికార్డులకు ప్రోత్సాహకాలు ఇచ్చే చట్టం తేవడంతో డాక్టర్లే కంప్యూటర్లో టిక్కులు పెట్టడం మొదలైంది. అలా ఇంకొంత పని పోయింది.

ఇక్కడ గమనించాల్సింది వరస. ఇంటర్నెట్ ద్వారా వేల మైళ్ల దూరం పంపాలంటే ఆ పనికి కొన్ని లక్షణాలు ఉండాలి. ఫైలు రూపంలో రావాలి, కచ్చితమైన ఫార్మాట్ ఉండాలి, తప్పొప్పులు లెక్కపెట్టగలగాలి, చేసేవారు ఎవరైనా ఫలితం ఒకటే కావాలి. సరిగ్గా ఆ లక్షణాలే పనిని మెషిన్‌కు అప్పగించడానికీ కావాలి. హైదరాబాద్‌కు వచ్చేలా పనిని సిద్ధం చేసినప్పుడే సగం ఆటోమేషన్ జరిగిపోయిందన్నమాట.

## పని ముక్కలు ఎలా అయింది

వస్తువుల విషయంలో దీనికి దారి వేసింది ఒక ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ అనే ట్రక్కుల వ్యాపారి నెవార్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు 58 కంటైనర్లతో ఓడను పంపాడు. అప్పటిదాకా మూటలు, పీపాలు, పెట్టెలు కూలీల భుజాల మీద ఎక్కేవి. టన్ను సరుకు ఎక్కించడానికి 5.86 డాలర్లు అయ్యేది. కంటైనర్‌తో అది 16 సెంట్లకు దిగింది. రేవు కూలీల పని పోవడం ఆటోమేషన్. సరుకు దూరదేశం నుంచి చౌకగా రావడం ప్రపంచీకరణ. పెట్టె మాత్రం ఒకటే.

రవాణా ఖర్చు నామమాత్రమైతే ఒక వస్తువునంతా ఒకేచోట తయారు చేయాల్సిన అవసరం లేదు. డిజైన్ ఒకచోట, చిప్ ఇంకోచోట, బిగింపు మరోచోట. ఇలా విడదీశాక డబ్బు ఎటు పోతుందో చెప్పడానికి 2010 నాటి ఐఫోన్ మీద అమెరికా పరిశోధకులు వేసిన లెక్కను ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అమ్మిన ధరలో 58.5 శాతం ఆపిల్‌కు లాభంగా మిగిలింది. ఫోన్‌ను చేత్తో బిగించిన చైనా కార్మికుల కూలి 1.8 శాతం. ఫోన్ వెనక "చైనాలో బిగించినది" అని రాసి ఉండేది, వాణిజ్య లెక్కల్లో కూడా అది మొత్తం చైనా ఎగుమతిగానే పడుతుంది. అమెరికా, చైనా వాణిజ్య లోటు అంకెలు చూసి ఆవేశపడేవారు ఎక్కువగా మరిచిపోయే సంగతి ఇది.

అలాగని ఆ 1.8 శాతం తీసిపారేసేది కాదు. పల్లెలో పొలం పనితో వచ్చేదానికన్నా ఆ జీతం ఎక్కువ కాబట్టే కోట్ల మంది చైనా తీరప్రాంతపు ఫ్యాక్టరీలకు వెళ్లారు.

## ఏనుగు గ్రాఫ్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

ఈ చర్చలో తరచూ వినిపించే బొమ్మ ఒకటుంది. ప్రపంచంలోని మనుషులందరినీ కటిక పేద నుంచి కుబేరుడి దాకా వరసలో నిలబెట్టి నూరు భాగాలు చేసి, ఒక్కో భాగం ఆదాయం 1988 నుంచి 2008 వరకు ఎంత పెరిగిందో బ్రాంకో మిలనోవిచ్, క్రిస్టోఫ్ లాక్నర్ అనే ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. గ్రాఫ్ గీస్తే ఏనుగును పక్కనుంచి చూసినట్టు వచ్చింది. వరస మధ్యలో ఉన్నవారి దగ్గర వీపులా ఎత్తుగా లేచింది. వీరి ఆదాయం 80 శాతం దాకా పెరిగింది, ఎక్కువమంది చైనా తదితర ఆసియా దేశాలవారు. నూటికి 80వ స్థానం దగ్గర తొండం కిందికి జారింది. అక్కడ ఉన్నది ఎక్కువగా ధనిక దేశాల దిగువ మధ్యతరగతి. వారికి ఇరవై ఏళ్లలో పెరిగింది దాదాపు ఏమీ లేదు. చివర ఒక శాతం కుబేరుల దగ్గర తొండం మళ్లీ పైకి లేచింది, పెరుగుదల 65 శాతం దగ్గర.

చూడగానే ఒక నిర్ణయానికి వచ్చేయాలనిపిస్తుంది: అమెరికా కార్మికుడి ఆదాయాన్ని చైనా కార్మికుడు పట్టుకుపోయాడు, పైనున్న కుబేరుడు మధ్యవర్తిగా కమిషన్ తీసుకున్నాడు అని. అంత తేలిగ్గా తేల్చడానికి ఈ గ్రాఫ్ ఒప్పుకోదు. 1988లో 80వ స్థానంలో ఉన్నవారే 2008లో కూడా అక్కడ లేరు. తొండం అంతగా జారడంలో సోవియట్ యూనియన్ కూలిపోయాక తూర్పు యూరప్‌లో పడిపోయిన ఆదాయాలకూ, జపాన్ మందగమనానికీ వాటా ఉంది. 2008 తర్వాతి పదేళ్లకు మిలనోవిచే మళ్లీ లెక్క వేస్తే ఏనుగు ఆకారమే పోయింది.

శాతాలతో ఇంకో మోసం కూడా ఉంది. రోజుకు 100 రూపాయలు వచ్చేవారికి 80 శాతం పెరిగితే చేతికి అదనంగా వచ్చేది 80 రూపాయలు. రోజుకు 10,000 వచ్చేవారికి 65 శాతం పెరిగితే 6,500. అందుకే ఆ ఇరవై ఏళ్లలో పెరిగిన మొత్తం ఆదాయాన్ని డాలర్లలో చూస్తే 44 శాతం ప్రపంచంలోని పై 5 శాతం మందికే వెళ్లింది.

ఆ జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఒక విషయం నిలబడుతుంది. ప్రపంచ అసమానతల నివేదిక 2022 ప్రకారం 1980లో ప్రపంచ అసమానతలో 57 శాతం దేశాల మధ్య తేడాల వల్ల వచ్చేది. 2020 నాటికి అది 32 శాతానికి తగ్గింది. మిగతా 68 శాతం దేశాల లోపలి తేడాలే. అంటే ఒకప్పుడు ఏ దేశంలో పుట్టాడో తెలిస్తే మనిషి ఆదాయం చాలావరకు ఊహించగలిగేవారు. ఇప్పుడు ఆ దేశంలో ఏ వర్గంలో పుట్టాడో కూడా తెలియాలి.

## అమెరికాలో పదేళ్లు

చైనా 2001 డిసెంబరు 11న ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2000లో 1.7 కోట్లకు పైగా ఉన్న అమెరికా ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2010 నాటికి 1.15 కోట్ల దగ్గరకు పడిపోయాయి. డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గోర్డన్ హాన్సన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని "చైనా షాక్" పేరుతో జిల్లాలవారీగా పరిశీలించారు. ఆటర్, హాన్సన్‌లతో పాటు ఇంకొందరు కలిసి వేసిన లెక్క ప్రకారం 1999 నుంచి 2011 దాకా చైనా దిగుమతుల పోటీవల్ల పోయిన ఉద్యోగాలు 20 నుంచి 24 లక్షలు, ఫ్యాక్టరీల బయట పోయినవి కూడా కలిపి.

మొత్తం పోయిన వాటిలో ఇది ఒక భాగమే. మిగతావి మాంద్యం, ఆటోమేషన్, గిరాకీ మార్పుల ఖాతాలో పడతాయి. ఏది ఎంత అన్నదాని మీద ఆర్థికవేత్తలు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. చైనా నుంచి చవక వస్తువులు వస్తున్నాయి కాబట్టి మెషిన్ పెట్టి ఖర్చు తగ్గించుకున్న కంపెనీని ఏ ఖాతాలో రాయాలి? పని ముందు దూరదేశానికి, ఆ తర్వాత మెషిన్‌కు పోయే వరస తెలిశాక ఈ ప్రశ్నకు పదును తగ్గుతుంది.

ఆ అధ్యయనం అసలు దెబ్బ కొట్టింది వేరే నమ్మకాన్ని. ఒకచోట ఫ్యాక్టరీ మూతపడితే కార్మికుడు ఇంకో ఊరికో ఇంకో రంగానికో మారతాడని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. నార్త్ కరోలినాలో ఫర్నిచర్‌కు పేరుపడ్డ హికరీ లాంటి ఊళ్లలో అలా జరగలేదు. ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు, యాభై ఏళ్లు దాటినవాడికి కొత్త పని ఇచ్చేవాడు లేడు. ఫ్యాక్టరీ పోతే దాని ఎదుట ఉన్న హోటల్, మంగలి షాపు కూడా పోయాయి. వాణిజ్యంవల్ల ఉద్యోగం పోయినవారికి సాయం చేయడానికి 1962 నుంచి ప్రత్యేక పథకం ఉన్నా, దానికన్నా ఎన్నో రెట్ల డబ్బు వైకల్య పింఛన్లు, రిటైర్మెంట్ చెల్లింపుల రూపంలో ఆ ఊళ్లకు వెళ్లింది. మనుషులు వేరే పనికి మారలేదు, పని చేసే జనంలోంచే తప్పుకున్నారు. ఆ పథకం కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2022లో ఆగిపోయింది.

నష్టం కొద్ది ఊళ్ల మీద కుప్పగా పడింది. చవక టీవీ, చవక చొక్కా రూపంలో లాభం మాత్రం 30 కోట్ల మందికి తలా కాస్త అందింది. రెండూ కలిపి దేశానికి లాభమే అని చెప్పే సగటు అంకె హికరీలో ఓటు వేసేవాడికి కనిపించదు.

## మెషిన్ ఏ పనిని తీసుకుంటుంది

తెలుగు నేలమీద దీన్ని చూడాలంటే వరి కోతల కాలంలో పొలం గట్టున నిలబడితే చాలు. ఒకప్పుడు ఎకరం వరి అంటే కోత, పనలు కట్టడం, కుప్ప వేయడం, కళ్లంలో నూర్పిడి, తూర్పారబట్టడం. కూలీల గుంపు రోజుల తరబడి చేసే పని. కూలి చాలాచోట్ల ధాన్యం రూపంలోనే ముట్టేది. ఇప్పుడు కోత మిషన్ వస్తుంది. నేల ఆరితే టైర్ల మిషన్, తడిగా ఉంటే చైన్ మిషన్. గంటకు ఇంత అని అద్దె. గంట, గంటన్నరలో ఎకరం ధాన్యం ట్రాక్టర్ ట్రక్కులో పడుతుంది. మిషన్లు, డ్రైవర్లు పంజాబ్ నుంచీ తమిళనాడు నుంచీ కూడా వస్తుంటారు.

ఇక్కడ డబ్బు దారి మారింది. పదిహేను, ఇరవై ఇళ్లకు పంచుకుని వెళ్లే కోత కూలి ఇప్పుడు మిషన్ యజమానికీ, బ్యాంకు వాయిదాకూ, డీజిల్ బంకుకూ, డ్రైవర్‌కూ పోతోంది. కోత, నూర్పిడి పనుల్లో ఆడకూలీలే ఎక్కువ, డ్రైవర్ సీట్లో మాత్రం దాదాపు ఎప్పుడూ మగవాడే. మిషన్ కోసిన గడ్డి పొలంలో చెల్లాచెదురుగా పడుతుంది. దాన్ని మోపులు చుట్టడానికి మళ్లీ ఇంకో మిషన్, ఇంకో అద్దె.

అయితే మిషన్ కూలీని తరిమేసిందనడం సగం నిజమే. యువకులు పట్నం పనులకూ గల్ఫ్‌కూ వెళ్లడం, ఉపాధి హామీ పథకం రావడం, కోతల సమయంలో మనుషులు దొరక్క కూలి రేట్లు పెరగడం — వీటన్నిటి తర్వాతే చాలా ఊళ్లలో మిషన్ నిలదొక్కుకుంది. మనిషి ఖరీదైతే మెషిన్ వస్తుంది, మెషిన్ వచ్చాక మిగిలిన మనిషికి బేరమాడే బలం తగ్గుతుంది.

అన్నిచోట్లా ఫలితం ఇలాగే ఉండదు. ఏటీఎంల విషయమే చూడండి. అవి వస్తే క్యాషియర్ల పని అయిపోయినట్టే అనుకున్నారు. జేమ్స్ బెస్సెన్ అనే ఆర్థికవేత్త లెక్క ప్రకారం అమెరికా పట్టణాల్లో ఒక్కో బ్యాంకు బ్రాంచిలో క్యాషియర్లు 1988లో సగటున 20 మంది ఉంటే 2004 నాటికి 13కు తగ్గారు. కానీ బ్రాంచి నడిపే ఖర్చు తగ్గడంతో బ్యాంకులు 43 శాతం ఎక్కువ బ్రాంచీలు తెరిచాయి. మొత్తం క్యాషియర్ల సంఖ్య పడిపోలేదు. ఆశావాదులు కథను ఇక్కడే ఆపేస్తుంటారు. ఫోన్‌లోనే బ్యాంకు వచ్చాక జనం బ్రాంచికి రావడమే తగ్గింది, 2010 తర్వాత ఆ ఉద్యోగాలూ తగ్గుతూ వచ్చాయి. పనిలో ఒక ముక్కను తీసేసే మెషిన్ వేరు, ఆ పని అవసరాన్నే తీసేసే మెషిన్ వేరు.

రోబోల దగ్గర దేశాల తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1990 నుంచి 2007 వరకు అమెరికా లెక్కలు చూసిన ఆర్థికవేత్తలు డారన్ ఆసెమోగ్లు, పాస్కల్ రెస్ట్రెపో, వెయ్యి మంది కార్మికులకు ఒక రోబో అదనంగా వస్తే వేతనాలు 0.42 శాతం తగ్గాయని తేల్చారు. జర్మనీలో కార్మికుల లెక్కన చూస్తే రోబోలు అమెరికాకన్నా చాలా ఎక్కువ. అక్కడి అధ్యయనంలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు తగ్గినా సేవారంగంలో అంతే పెరిగాయి. ఉన్నవారిని తీసేయకుండా అదే కంపెనీలో వేరే పనికి మార్చారు. నష్టం ఎక్కువగా కొత్తగా రావాల్సిన కుర్రవాళ్లకు తగిలింది, వాళ్లకు ఫ్యాక్టరీ తలుపు తెరుచుకోలేదు. కంపెనీ బోర్డుల్లో కార్మిక ప్రతినిధులుండే పద్ధతి, అప్రెంటిస్ చదువులు అక్కడ మొదటినుంచీ ఉన్నవే.

## పొట్టిదైన నిచ్చెన

పేద దేశం పైకి రావడానికి ఒక పాత దారి ఉండేది: పొలం నుంచి చొక్కాల ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి ఎలక్ట్రానిక్స్‌కు, ఆ తర్వాత కార్లకు. కొరియా, చైనా అలాగే ఎక్కాయి. బ్రిటన్‌లో మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పనిచేసేవారిలో 45 శాతం దాకా ఫ్యాక్టరీల్లో ఉండేవారు. దక్షిణ కొరియాలో 1989లో 28 శాతం. భారత్‌లో 2002లో 13 శాతానికే చేరి అక్కడే తచ్చాడుతోంది. ఆర్థికవేత్త డాని రోడ్రిక్ దీన్ని, ధనవంతులం కాకముందే ఫ్యాక్టరీ దశ ముగిసిపోవడం అంటాడు. పోటీపడాలంటే ఆధునిక మెషిన్లు కావాలి, అవి ఉన్నచోట మనుషులు తక్కువ చాలు.

బంగ్లాదేశ్ ఈ నిచ్చెనను ఆలస్యంగానైనా పట్టుకుంది. ధనిక దేశాలు బట్టల దిగుమతులకు పెట్టిన కోటాలు 2004 చివర్లో పూర్తిగా పోయాయి. బంగ్లాదేశ్ పని అయిపోయిందని అప్పట్లో చాలామంది అనుకుంటే అది ఇంకా పెరిగింది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు 40 లక్షల మంది, దేశం ఎగుమతుల్లో 80 శాతానికి పైగా బట్టలే. దానికి మూల్యం కూడా చెల్లించారు: 2013 ఏప్రిల్ 24న బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ సంవత్సరం నెలకు 5,300 టాకాలుగా ఉన్న కనీస వేతనం పదేళ్లకు 12,500 అయింది. ఒకప్పుడు ఆ కార్మికుల్లో ఆడవాళ్లు 80 శాతం దాకా ఉండేవారు, ఇప్పుడు 60 శాతం చుట్టుపక్కలే. స్వెటర్ ఫ్యాక్టరీల్లో చేత్తో నడిపే అల్లిక యంత్రాల స్థానంలో కంప్యూటర్ జకార్డ్ మెషిన్లు రావడం ఒక కారణం. ఒక మనిషి ఒకేసారి నాలుగైదు మెషిన్లు చూసుకుంటాడు. ఆ ఒక్కడుగా మగవాణ్ని పెట్టుకోవడం మామూలైంది. పొలం గట్టున కనిపించిన దృశ్యమే ఇది, షెడ్డు కింద.

మెషిన్లు వస్తే ఫ్యాక్టరీలన్నీ ధనిక దేశాలకు తిరిగి వెళ్లిపోతాయన్న భయం మాత్రం ఇప్పటిదాకా నిజం కాలేదు. జర్మనీ, అమెరికాల్లో రోబోలతో బూట్లు కుడతామని ఆడిడాస్ పెట్టిన రెండు ఫ్యాక్టరీలను మూసేస్తున్నట్టు 2019లోనే ప్రకటించింది. ఆ టెక్నాలజీని చైనా, వియత్నాం సరఫరాదారులకు ఇచ్చింది. మెషిన్ కూడా, ముడిసరుకు, పనివాళ్లు, రేవు దగ్గరగా ఉన్నచోటికే చేరింది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా పెట్టే పారిశ్రామిక రోబోల్లో సగానికి పైగా చైనాలోనే పెడుతున్నారు.

## కూలి వాటా, రెండు గినీలు

ప్రపంచంలో పుట్టే ఆదాయంలో జీతాలు, కూలి రూపంలో వెళ్లే వాటా 2004 నుంచి 2024 మధ్య 1.6 శాతం పాయింట్లు తగ్గిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. చిన్న అంకెలా ఉంది. కానీ వాటా పాత స్థాయిలోనే ఉంటే 2024 ఒక్క ఏడాదిలోనే శ్రమ చేసేవారికి ఇంకో 2.4 లక్షల కోట్ల డాలర్లు వచ్చేవని అదే సంస్థ లెక్క. ఆ మేరకు పెట్టుబడి వాటా పెరిగింది. ప్రపంచ సంపదలో 76 శాతం పై 10 శాతం మంది చేతిలో ఉండగా, దిగువ సగం మందికి ఉన్నది 2 శాతమే. కాబట్టి పెట్టుబడి వాటా పెరగడమంటే ఆ డబ్బు ఎక్కువగా కొద్దిమందికే చేరడమని వేరే చెప్పక్కర్లేదు.

భారత్ విషయంలో 2025లో పెద్ద గందరగోళమే జరిగింది. అసమానతను 0 నుంచి 100 దాకా కొలిచే గినీ సూచీ (అంకె పెరిగితే అసమానత ఎక్కువని) 25.5 కాబట్టి ప్రపంచంలో అతి తక్కువ అసమానతలున్న నాలుగో దేశం మనదేనని కేంద్రం ప్రకటించింది. అదే సమయంలో దేశంలో అసమానత తీవ్రంగా ఉందన్న నివేదికలూ తిరిగాయి. రెండూ ఒకే దేశం గురించే. 25.5 అన్నది ఇంటి ఖర్చుల సర్వే నుంచి వచ్చింది. ఆదాయం లెక్కన చూస్తే గినీ 2004లో 52 ఉండగా 2023కు 62 అయిందని ఇంకో అంచనా. ప్రపంచ బ్యాంకు ఒకే పత్రంలో రెండు అంకెలూ ఇచ్చింది, సర్వే అంకె అసమానతను తక్కువ చేసి చూపుతుండవచ్చని కూడా రాసింది. కోటీశ్వరుడు తినే అన్నం కూలీకన్నా వంద రెట్లు ఉండదు. మిగిలింది షేర్లలోనో భూమిలోనో పెడతాడు, అది ఖర్చుల సర్వేలో కనిపించదు. పైగా గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గరే సర్వేవాళ్లను ఆపేస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఖర్చుల గినీని ఇతర దేశాల ఆదాయ గినీ పక్కన పెట్టి ర్యాంకు ఇవ్వడం కుంచానికీ కేజీకీ పోటీ పెట్టినట్టే.

## ఒకే గాలి, వేర్వేరు ఫలితాలు

ప్రపంచీకరణ, ఆటోమేషన్ అసమానతను పెంచి తీరతాయనడానికి బ్రెజిల్ అడ్డు వస్తుంది. 2000ల మొదట్లో 58 దగ్గర ఉన్న దాని గినీ 2014 నాటికి 52 దగ్గరకు దిగింది. ఆ కాలంలోనే బ్రెజిల్ చైనాకు సోయా, ఇనుప ఖనిజం భారీగా అమ్మింది. ప్రపంచీకరణలో నిండా మునిగిన దేశమే. కనీస వేతనాన్ని ధరలకన్నా వేగంగా పెంచడం, పిల్లలను బడికి పంపే పేద కుటుంబాలకు 2003 నుంచి బోల్సా ఫమీలియా పేరుతో నగదు ఇవ్వడం, చదువు విస్తరించడం కలిసి పనిచేశాయి. ఖనిజాల ధరలు బాగున్న రోజులు కావడం కూడా కలిసొచ్చింది, ఆ సంగతి దాచక్కర్లేదు.

వస్తువుకూ డబ్బుకూ ఉన్నంత స్వేచ్ఛ మనిషికి ఎప్పుడూ లేదు. అదే పని చేసే మనిషి దేశం మారితే ఆదాయం ఎన్నో రెట్లు పెరుగుతుందని జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లేవారికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2024లో భారత్‌కు బయటి నుంచి వచ్చిన సొమ్ము 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం అందులో అమెరికా వాటాయే ఎక్కువ, 27.7 శాతం. ఆ తలుపుకు 2025 సెప్టెంబరులో కొత్త గడియ పడింది: కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు. మనిషి వెళ్లలేకపోతే పని ఇక్కడికి రావాలి. వచ్చే పని మళ్లీ ఫైలు రూపంలోనే వస్తుంది.

## ఏఐతో మారిన లక్ష్యం

ఇప్పటిదాకా వచ్చిన మెషిన్లు చేతి పనినీ, గుమాస్తా పనినీ తీసుకున్నాయి. చదువుకున్నవారి ఆదాయం పెరగడానికి అదీ ఒక కారణం. కృత్రిమ మేధ వచ్చాక గురి అటు తిరిగింది. ప్రపంచంలో 40 శాతం ఉద్యోగాల మీద దాని ప్రభావం ఉంటుందని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2024లో అంచనా వేసింది. ధనిక దేశాల్లో 60 శాతం, పేద దేశాల్లో 26 శాతం. ప్రభావం అంటే ఉద్యోగం పోవడమనే కాదు, కొందరికి పని సులువై ఆదాయం పెరగవచ్చు కూడా. మట్టిపని, వంటపని, కరెంటు పని మీద దెబ్బ తక్కువ.

ఐటీ సేవల మీద నిలబడ్డ హైదరాబాద్‌కు ఈ అంకెల్లో ఏది వర్తిస్తుందన్నదే చిక్కు. దేశం దిగువ మధ్య ఆదాయ దేశాల్లో ఉంది, నగరం చేసే పని మాత్రం ధనిక దేశాల పని. టెస్టింగ్, సపోర్ట్, పాత కోడ్ మరమ్మతు — ఫ్రెషర్లను పెట్టుకుని నేర్పించేది ఈ పనుల్లోనే. ఏఐ టూల్స్ ముందు చేయగలుగుతున్నదీ వీటినే. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామన్నప్పుడు, కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు కుదరకపోవడం అని కంపెనీ చెప్పింది. టెన్షన్ మాత్రం తగ్గలేదు. జర్మనీ అనుభవాన్ని బట్టి చూస్తే లోపల ఉన్నవారికన్నా, ఈ ఏడాది డిగ్రీ పట్టా పట్టుకుని గేటు బయట నిలబడినవారి సంఖ్యను గమనించడం అవసరం. ఉద్యోగాల కోత వార్త అవుతుంది. జరగని క్యాంపస్ సెలక్షన్ వార్త కాదు.

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కథ కూడా అటే నడిచింది. డాక్టరు, రోగి మాట్లాడుకుంటుంటే పక్కన విని తనే రిపోర్టు రాసేసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఆస్పత్రుల్లోకి వస్తోంది. ఈ రంగంలో పేరున్న న్యూయాన్స్ కంపెనీని కొనడానికి మైక్రోసాఫ్ట్ 2021లో కుదుర్చుకున్న ఒప్పందం విలువ, అప్పులతో కలిపి, 19.7 బిలియన్ డాలర్లు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకునేది డాక్టర్ల గొంతుల నుంచి, ఆ గొంతులకు మనుషులు టైప్ చేసి, దిద్ది పెట్టిన వాక్యాల నుంచి. దిద్దిన ప్రతి లైనుకూ ఎడిటర్లకు రేటు ప్రకారం డబ్బులు ముట్టాయి. ఆ దిద్దుబాటు చూసి మెషిన్ నేర్చుకున్నందుకు మాత్రం లైను రేటులో విడిగా ఏమీ లేదు.